గుడి దగ్గర తెగిన మాట

పైథాన్‌లో ఈజ్‌ఆల్ఫా అని ఒక చిన్న సదుపాయం ఉంది. ఒక మాట ఇచ్చి ఇందులో ఉన్నవన్నీ అక్షరాలేనా అని అడిగితే అవుననో కాదనో చెబుతుంది. ‘కమల’ అని ఇవ్వండి, అవునంటుంది. ‘రమ’, ‘ఉమ’, ‘వనజ’... అన్నిటికీ అవునే. ‘సీత’ అని ఇవ్వండి. కాదంటుంది. ‘రాము’ కాదు, ‘అంజలి’ కాదు. ఆ మాటకొస్తే ‘తెలుగు’ కూడా కాదు.

వీటికి తేడా ఏంటో పలక మీద గుణింతం దిద్దినవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. తలకట్టు దాటి గుడి, కొమ్ము, ఎత్వం, సున్న, పొల్లు ఏది తగిలినా సమాధానం మారిపోతోంది. యూనికోడ్‌లో ‘సీ’ అనేది ఒక్క ముక్క కాదు. ‘స’ ఒక గడిలో, గుడిదీర్ఘం ఇంకో గడిలో ఉంటాయి. మొదటిదాన్ని అక్షరం అనే వర్గంలో వేశారు, రెండోదాన్ని గుర్తు అనే వర్గంలో. పైథాన్ ఆ వర్గం పేరు మాత్రమే చూస్తుంది. ఫ్రెంచివాళ్ల కొమ్మున్న ‘ఈ’కి కూడా ఇదే ఇబ్బంది రావాలి కదా అంటారేమో. రాదు, ఎందుకంటే వాళ్లకి అక్షరమూ గుర్తూ కలిపేసిన రెడీమేడ్ గడి ఒకటుంది. విడివిడిగా ఉన్నా కలిపేసే పనిముట్టు కూడా లైబ్రరీలోనే ఉంది. మన ‘సీ’కి అలాంటి గడి లేదు, కలపడానికేమీ లేదు.

సరదా ఏంటంటే, అదే పైథాన్‌కి ‘౧౨౩’ అని తెలుగు అంకెలిచ్చి సంఖ్యగా మార్చమంటే చక్కగా 123 అంటుంది. మనమే మర్చిపోయిన అంకెలు దానికి వచ్చు! ‘జీతం’ అని ఒక వేరియబుల్‌కి పేరు పెట్టినా ఒప్పుకుంటుంది, పైథాన్ 3 నుంచీ ఆ వీలుంది. అంటే గుడిదీర్ఘం, సున్న మాటలో భాగమేనని ఆ భాషలో ఒక మూలకి తెలుసు. ఇంకో మూలకి తెలీదు.

ఈజ్‌ఆల్ఫా వరకూ అయితే నాకు పెద్ద పేచీ లేదు. గుడి ఒంటరిగా అక్షరం కాదంటే ఏ తెలుగు మాస్టారైనా ఒప్పుకుంటారు. అసలు గొడవ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ దగ్గర. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు రాసేవాళ్లకి ఇది రోజూ పడే అవసరం: వాక్యంలోంచి మాటలు విడదీయడానికి వాడే గుర్తు. ఆ డబ్ల్యూ ‘వర్డ్’లోని డబ్ల్యూనే, అంటే పేరులోనే మాట ఉంది. దానికి ‘తెలుగు’ ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేసి చేతిలో పెడుతుంది.

ఇది కొత్తగా బయటపడ్డ సంగతేం కాదు. 2007లోనే ఒకరు దేవనాగరి మాటలు ముక్కలవుతున్నాయని పైథాన్ వాళ్లకి ఫిర్యాదు పెట్టారు. 2011లో పెర్ల్ పుస్తకాలతో పేరున్న టామ్ క్రిస్టియన్‌సెన్ ఇదే విషయం మీద ఇంకాస్త గట్టిగా రాశాడు. యూనికోడ్ వాళ్ల సాంకేతిక ప్రమాణం 18, మాట అంటే గుర్తులతో సహా అని చెబుతోందనీ, పైథాన్ దాన్ని పాటించడం లేదనీ. పెర్ల్ పాటిస్తుంది. రస్ట్ వాళ్ల రీజెక్స్ పాటిస్తుంది. పైథాన్‌కే విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రీజెక్స్ మాడ్యూల్ కూడా పాటిస్తుంది. భాషతో పాటు పెట్టెలో వచ్చేది మాత్రం పాటించదు.

దీనివల్ల ఎవరికేం నష్టం అంటే, మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మా నాన్న మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా పాతికేళ్లు తిరిగాడు. మాది కడప. రోజుకో పేజీ డైరీ. పైన ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడో ఆ ఊరి పేరు, కింద లాడ్జి, భోజనం, బస్సు ఖర్చులు. రిటైరయ్యాక వాటిలో పదకొండు డైరీలు నేను టైప్ చేశాను, వీలున్నప్పుడల్లా కూర్చుని, రెండు వేసవులు. ఆయనకి ఒక్కటే తెలుసుకోవాలని ఉంది. “మీ అమ్మ ఎప్పుడు చూసినా నువ్వు ఇంట్లో ఉన్నదెప్పుడు అంటాంటది. ఎన్ని రాత్రులు ఇంట్లో ఉన్నానో లెక్క తియ్యి, ఒకసారి చూపిద్దాం.”

మెషీన్ లెర్నింగ్ వాళ్లు మాటలు లెక్కపెట్టడానికి వాడే పేరున్న లైబ్రరీ ఒకటుంది. అది లోపల్లోపల ఈ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూనే వాడుతుంది, పైగా ఒంటి అక్షరం ముక్కలు అనవసరమని పారేస్తుంది. ఇంగ్లిష్‌కి అది తెలివైన పనే. ఊళ్ల పేర్లన్నీ దానికిచ్చాను. పులివెందుల మాయం. ప్రొద్దుటూరు మాయం. నంద్యాల, నెల్లూరు, గుంటూరు పేర్లలో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. రాయచోటి ‘యచ’ అయింది, బద్వేలు ‘బద’ అయింది. జమ్మలమడుగు ‘జమ’, ‘మలమడ’ అని రెండు ఊళ్లయింది. జాబితాలో చెక్కుచెదరకుండా నిలబడ్డ ఊరు ఒక్కటే: కడప. గుడి లేదు, కొమ్ము లేదు, సున్న లేదు. మూడూ తలకట్టు అక్షరాలే.

నాన్న స్క్రీన్ వంక చూసి, “చూశావా, నేను ఊరు దాటి పోనేలేదు” అని అమ్మని పిలిచాడు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. “దీనికి నీ కంపెనీవోళ్లే జీతం ఇచ్చినట్టుందే” అంది.

మేం ముగ్గురం నవ్వుకున్నాం కానీ, నాకు లోపల కలుక్కుమంది. ఎక్కడా ఎర్రక్షరాల్లో ఎర్రర్ రాలేదు, హెచ్చరిక రాలేదు. తెలుగు చదవలేని ఇంజినీరెవరైనా ఆ జాబితా చూస్తే అంతా సవ్యంగా ఉందనుకుంటాడు. ఆ పాతికేళ్లలో అమ్మ ఒక్కతే జ్వరాలూ, అద్దె ఇళ్ల మార్పులూ, మా పరీక్షలూ చూసుకున్న రాత్రులన్నీ ఒక గుర్తుల వర్గం కింద కొట్టుకుపోయాయి. తెలుగుకి యూనికోడ్‌లో కేటాయించిన 128 గడులనీ మాటలో భాగంగా చూడమని విడిగా రాసి మళ్లీ నడిపితే ఊళ్లన్నీ తిరిగొచ్చాయి. ఆ రెండో లెక్క అమ్మ దగ్గరుంది. నాన్న దాని గురించి మాట్లాడడు.

సరే, మళ్లీ డాక్యుమెంటేషన్ దగ్గరికి. కొన్నేళ్ల కిందటి వరకు పైథాన్ డాక్యుమెంటేషన్‌లో ఈ గుర్తు ఏ భాషలోనైనా మాటలో భాగం కాగలిగిన అక్షరాల్లో చాలావాటిని పడుతుందని ఉండేది. ఇప్పుడు ఆ వాక్యం లేదు. ఈజ్‌ఆల్‌నమ్ దేన్ని అక్షరం, అంకె అంటుందో వాటినీ, అండర్‌స్కోర్‌నీ పడుతుందని మార్చారు. ఈజ్‌ఆల్ఫా దగ్గర కూడా, మేం అక్షరం అనేదీ యూనికోడ్ ప్రమాణంలో ఆల్ఫాబెటిక్ అనేదీ ఒకటి కాదని ఒక వాక్యం ఉంది.

ఈ మార్పు చేసినవాళ్లని నేను మెచ్చుకుంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ‘ఏ భాషలోనైనా’ అన్నది నెరవేరని హామీ, తీసేయడమే మర్యాద. కానీ అది చదివినప్పుడు నాకు సంతోషం కంటే ముందు ఇంకోటి అనిపించింది. తప్పు అన్నది హామీకీ ప్రవర్తనకీ మధ్య ఉంటుంది. ప్రవర్తనని హామీ దాకా తీసుకెళ్లి దాన్ని సరిచేయొచ్చు. హామీనే ప్రవర్తన దాకా దించి కూడా సరిచేయొచ్చు. రెండో దారిలో వెళ్తే, నిన్నటి దాకా బగ్ అనిపించుకున్నది ఇవాళ నియమం అవుతుంది. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే, డాక్యుమెంటేషన్‌లో రాసినట్టే నడుస్తోంది కదా అనొచ్చు.

మార్చకపోవడానికి వాళ్లకి కారణాలున్నాయి, ఉత్తుత్తివి కావు. యూజర్ నేమ్‌లు, ఫైళ్ల పేర్లు సరిచూడటానికి ఏళ్ల తరబడి ఈ గుర్తుని నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు లెక్కలేనన్ని. రేపటి నుంచి గుర్తులు కూడా లోపలికొస్తాయంటే, ఒక అక్షరం నెత్తిన ఇరవై గుర్తులు పేర్చి ఆడుకునేవాళ్లు వస్తారు. ఎక్కడో ఒక కాపలా గేటు చెప్పకుండా తెరుచుకుంటుంది. నా ఉద్యోగంలో అలాంటి పాత ప్రోగ్రాముల్ని నేనూ మోస్తున్నాను. ఆ భయం నాకు అర్థమవుతుంది.

కానీ ఇదే మాడ్యూల్‌లో ప్రవర్తన మార్చిన సందర్భం ఒకటుంది. ఖాళీ చోట కూడా సరిపోయే నమూనాలతో వాక్యాన్ని ముక్కలు చేయమంటే పాత పైథాన్ ఆ ఖాళీల్ని పట్టించుకునేది కాదు. 2015లో వచ్చిన 3.5లో ఇది మారబోతోందని హెచ్చరిక పెట్టారు. 2018లో 3.7లో మార్చేశారు. ముందు చెప్పి, కొన్నేళ్లు ఆగి, తర్వాత చేశారు. కొంతమంది కోడ్ దిద్దుకుని ఉంటారు. అయినా చేశారు, అలా నడవడమే సబబు అనుకున్నారు కాబట్టి.

ఒక్కసారిగా మార్చమని నేను కూడా అనను. ఆస్కీ అక్షరాలు మాత్రమే చూడు అని చెప్పడానికి ఇప్పటికే ఒక ఫ్లాగ్ ఉంది. గుర్తులతో సహా చూడు అని చెప్పడానికి ఇంకోటి పెడితే పాత ప్రోగ్రాములకి వచ్చే నష్టమేమీ లేదు. ఫ్లాగ్ అనేది అడిగి పెట్టించుకోవాల్సిన కుర్చీ లాంటిది, నిజమే. నిలబడే ఉండటం కంటే నయం.

అదయ్యే లోపు డాక్యుమెంటేషన్‌కే ఇంకో పని మిగిలి ఉంది. ఇప్పుడున్న వాక్యం నిజమే చెబుతోంది, కానీ యూనికోడ్ వర్గాల సంగతి ముందే తెలిసినవాళ్లకే ఆ నిజం వినబడుతుంది. వరంగల్లో సెకండియర్ చదివే అమ్మాయి అందులో ‘యూనికోడ్ అక్షరాలు’ అని చదివితే, కొమ్ము కూడా అందులో ఉందనే అనుకుంటుంది. ఆ అమ్మాయి అనుకున్నదాంట్లో వంకేముంది? అక్కడ ఒక ఉదాహరణ చాలు. ఆ పేజీని ఎవరైనా దిద్ది పంపొచ్చు, ముందు ఒక ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి, అంతే.

నేనొకటి రాసి పెట్టుకున్నాను. ఏ మాట వేయాలా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. ‘అమ్మ’ బాగుంటుంది, ‘అమ’, ‘మ’ అని రెండవుతుంది, కానీ అది చూసి నవ్వడానికి తెలుగు రావాలి. సమీక్షించేవాళ్లకి లిపి కూడా తెలియకపోవచ్చు. లోపలికి ఒక మాట వెళ్లి బయటికి మూడు రావడం వాళ్లు కళ్లతో చూసి లెక్కపెట్టగలగాలి. అందుకని ‘తెలుగు’ అనే వేశాను. పై లైనులో మాట, కింది లైనులో త, ల, గ. దాని కింద, స్వర చిహ్నాలు ఈ గుర్తుకి అందవు, అవి కావాలంటే లిపి గడుల్ని విడిగా చేర్చుకోండి అని ఒక వాక్యం. మొత్తం మూడు లైన్లు.