స్క్రాంటన్ నుంచి అన్నకు

స్క్రాంటన్ (అమెరికా), శుక్రవారం రాత్రి

అన్నా,

పొద్దటి నుంచి ముసురు. తల దిమ్ముగా ఉంది, మాత్ర వేసుకుని రాస్తున్న. వదిన మోకాలి నొప్పి ఎట్లుంది? ఆమె పంపిన కారప్పొడిని నా మనవరాలు దాచుకుని మరీ తింటోంది, అచ్చం నీ బుద్ధే!

ఇక్కడి రైలు మ్యూజియంలో పెద్ద పెద్ద ఆవిరి ఇంజన్లున్నయి. నా మనసు మాత్రం బొగ్గు బాయిల మీదే. ఈ చుట్టుపక్కల ఊళ్లు కూడా మన గోదావరిఖని లెక్క బొగ్గు మీద బతికినవే. 1959 జనవరిలో పోర్ట్ గ్రిఫిత్ దగ్గర బాయి కప్పు కూలి సస్క్వెహానా నది లోపలికి దూకింది. 12 మంది లోపలే ఉండిపోయారు, శవాలు కూడా దొరకలేదు. తర్వాత చుట్టూ ఉన్న బాయిలు మూతపడ్డయి, పంపులు ఆగినయి. బాయి అడుగున డిప్పుల్లో నీళ్లు తోడినోడివి, తర్వాతేమైందో నీకు చెప్పాల్నా? నీళ్లు పైకెక్కి ఇళ్ల కింది గదుల్లోకి చేరినయి. 1962లో లాకవానా నది ఒడ్డున 42 అంగుళాల బోరు వేసి వాటిని నదిలోకి వదిలారు. ఇప్పటికీ రోజుకు కోట్ల లీటర్లు వస్తూనే ఉన్నయి.

ఆదివారం

నిన్న ఆ బోరు చూసొచ్చినం. టాక్సీ అతను నది దాకా అనేసరికి కిరాయి పెంచిండు. నేను వాదానికి దిగితే బిడ్డ నన్నే కసిరింది. బోరు నీళ్లు సీసాలో పడితే తేటగానే ఉన్నయి. తెల్లారి చూస్తే అడుగున తుప్పు రంగు మడ్డి! బొగ్గులోని ఇనుము-గంధకం ఖనిజం పైరైట్‌కు గాలీ తేమా తగిలి ఇనుము నీళ్లలో కరుగుతుంది, బయటికొచ్చి గాలి సోకంగనే ఇట్లా పేరుకుంటుంది. ఇక్కడి నీళ్లలో ఆమ్లం పెద్దగా లేదట, నదిని చంపేది ఇనుమే. బోరు దిగువన రాళ్లన్నీ నారింజ రంగు. సందులు పూడి పురుగులు బతకవు, పురుగుల్లేక చేపలకు తిండి లేదు. ఇదే నదిలో ఎగువన జనం ట్రౌట్ చేపలు పడుతున్నరు. చూసి కడుపు మండింది.

గాలి పట్టించి చెరువుల్లో నిలబెడితే ఇనుము అడుక్కి దిగుతుంది. ఇన్ని నీళ్లకు అన్ని చెరువులెక్కడ? ఖర్చెవరిది? బొగ్గు అమ్ముకున్న కంపెనీలు ఎప్పుడో పోయినయి.

దగ్గర్లోని ఓల్డ్ ఫోర్జ్‌లో నలుపలకల పిజ్జా తిన్నం, బాగుంది. అయినా పచ్చిపులుసు మీదే పాణం.

అన్నా, మన దగ్గర మూసిన బాయిల నీళ్లు ఎవరన్నా పరీక్షిస్తున్నరా? యూనియనోళ్లను అడుగు. ఇనుమెంత, సల్ఫేట్ ఎంత, అంకెలు రాయించుకో. నేనొచ్చేలోపే అడుగు.

నీ చెల్లె