పట్టీలో ఆఖరి వరుస

పోయిన దసరా సెలవులకు మా వాడు హైదరాబాద్ నుంచి వస్తూ సంచిలో మాసిన బట్టలతో పాటు ఒక కాగితం తెచ్చాడు. వాడిది ఇంజనీరింగ్ రెండో ఏడాది. విడి భాగాలు కొని కంప్యూటర్ తనే బిగించుకుంటాడట. చదువు కోసమే అన్నాడు. కానీ ఆ కాగితంలో సగానికి దగ్గర డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోతోందంటే అది ఆటల కంప్యూటరని తెలుగు బి.ఏ. చదివిన నాకు కూడా అర్థమవుతుంది.

మా ఆయన 65 వేలకు ఒప్పుకున్నారు. "దాని మీద ఒక్క రూపాయి పెరిగినా నన్నడగొద్దు" అని ముందే చెప్పేశారు. వాడి పట్టీ మొత్తం 64,800. అంత అచ్చంగా కుదిరేసరికి నాకు అనుమానమొచ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ నెల సరుకుల పట్టీ రాస్తున్నదాన్ని. మొత్తం అంత చక్కగా కుదిరిందంటే ఎక్కడో నూనె తగ్గించి ఉంటారు.

సద్దుల బతుకమ్మకు నువ్వులు వేయిస్తూ, వాణ్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టి పట్టీ చదివించాను. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కార్డు, అద్దం తలుపుతో రంగుల లైట్లుండే క్యాబినెట్ 5,200. అన్నిటికన్నా కింద "ఎస్.ఎం.పి.ఎస్. 850" అని ఉంది.

"గిదేందిరా?"

"కరెంటిచ్చే డబ్బా అమ్మా. లోపల ఉంటది, ఎవరికీ కనబడదు. ఏదో ఒకటి పెడితే నడుస్తది."

ఆ 'కనబడదు' అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

2011లో మేం ఈ ఇల్లు కట్టుకున్నాం. ఎలక్ట్రీషియన్ మంచి కంపెనీ వైరు రాసిచ్చాడు. నాకేమో వంటింటి గట్టుకు నల్ల గ్రానైటు కావాలి. డబ్బు రెండిటికీ సరిపోదు. "గోడలో ఉండే వైరు ఎవరికి కనబడతది, తక్కువది వేయించండి" అన్నది నేనే. మా ఆయన వద్దన్నా వినలేదు. నాలుగేళ్ళు బాగానే గడిచాయి. ఐదో ఏడు ఎండాకాలం ఒకరోజు గీజరు, మిక్సీ ఒకేసారి వేశాను. స్విచ్‌బోర్డు వెనక నుంచి ముందు రబ్బరు కాలిన వాసన వచ్చింది, తర్వాత పొగ. వీడు అప్పుడు పదేళ్ళవాడు, ఆ గోడకానుకునే ఇడ్లీ తింటున్నాడు. మెయిన్ ఆపడానికి నేను పరుగెత్తిన పరుగు నాకింకా గుర్తుంది. గ్రానైటు మాత్రం ఇప్పటికీ మెరుస్తూనే ఉంది.

ఈ సంగతంతా వాడికి చెప్పలేదు. "ఆ డబ్బా పక్కన అంటించిన చీటీ ఫోటో తెప్పించు" అన్నానంతే. ఇంటికి ఇన్వర్టర్ కొన్నప్పుడు వనపర్తి దుకాణంలో అబ్బాయి నేర్పిన పాఠమది: "అక్కా, అట్టపెట్టె మీద రాసిన పెద్ద అంకె చూడొద్దు, వెనక చీటీ చూడు." ఆ రోజు ఇంట్లో ఫ్యాన్లెన్ని, ట్యూబులైట్లెన్ని అని నాతోనే వాట్లు కూడించి, దాని మీద ఇంకో పావు వంతు మిగులు ఉంచుకోమన్నాడు.

ఫోటో వచ్చింది. పెట్టె మీద 450 అని అరచేయంత అక్షరాలు. చీటీలో చిన్న గడులు. ఈ డబ్బా చేసే పని ఏమిటంటే, గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి తలా ఇంత పంచడం. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, అంటే బాగా తినేవాళ్ళిద్దరూ, ఆ 12 వోల్టుల బంతిలోనే కూర్చుంటారు. ఆ గడిలో 14 ఆంపియర్లని రాసి ఉంది.

"12 పెట్టి గుణించు" అన్నాను.

"168."

"మరి నీ కార్డొక్కటే ఎంత తింటది?"

వాడనుకున్నది ఆర్‌టీఎక్స్ 3060. ఫోన్లో వెతికాడు. 170 వాట్లు. ప్రాసెసర్‌ది ఇంకో 65. కార్డు తయారుచేసిన ఎన్విడియా వాళ్ళే 550 వాట్ల సప్లై ఉండాలని రాశారు. వాడు కాసేపు మాట్లాడలేదు. పళ్ళెంలోంచి వేగిన నువ్వులు ఒక్కొక్కటే ఏరి నోట్లో వేసుకుంటున్నాడు.

"తెలుసు అమ్మా," అన్నాడు చివరికి. "సరైంది పెడితే 65 దాటుతది. నాయన మొత్తం ఒక్కటే చూస్తడు కదా."

నాకు కోపం రావాలి, రాలేదు. వాడు అబద్ధం ఆడలేదు. నేను గోడలో దాచింది వాడు పట్టీలో కింది వరుసలో దాచాడు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని మళ్ళీ లెక్క వేశాం. అమ్మలకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నా, ఈ కాలం పిల్లలతో మీకూ ఈ గొడవ తప్పదు. మంచి కంపెనీ 550 వాట్ల డబ్బా, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, 4,300. దాని చీటీలో 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లుంది, అంటే 540 వాట్లు. ఒప్పుకున్న అంకెకు, ఇచ్చే అంకెకు పెద్ద తేడా లేదు. ఇక 80 ప్లస్ అంటే, మోసే బరువు అయిదో వంతున్నా, సగమున్నా, పూర్తిగా ఉన్నా, గోడలోంచి లాగిన కరెంటులో నూటికి 80కి తగ్గకుండా లోపలికి అందించాలి. మిగతాది వేడిగా పోతుంది. బ్రాంజ్, గోల్డ్ ముద్రలుంటే వృథా ఇంకా తక్కువ. లోపల 300 వాట్లు కావాలంటే 80 శాతం డబ్బా 375 లాగుతుంది.

ఇది విని మా ఆయన గుమ్మం దగ్గర్నుంచే "550 వాట్లా? బిల్లెవరు కడతరు?" అన్నారు. వంద మందికి వండే గుండిగ ఇంట్లో ఉన్నంత మాత్రాన రోజూ వంద మందికి వండుతామా? కంప్యూటరుకు ఎంత కావాలో అంతే లాగుతుంది. అయితే ఆయన భయం ఉత్తదేమీ కాదు. రోజుకు నాలుగు గంటలు ఆడితే మానిటర్‌తో కలిపి నెలకు 40 యూనిట్లకు తగ్గదు. మన దగ్గర 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. అందుకే సెలవు రోజుల్లో రెండు గంటలే ఆట అని ఒప్పందం రాయించుకున్నాను. అది ఎంతవరకు నడుస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

850కి బదులు 4,300 అంటే 3,450 ఎక్కువ. వాడు రంగుల లైట్ల క్యాబినెట్ వదులుకుని 3,200ది తీసుకుంటానన్నాడు. నేను అడగలేదు, వాడే అన్నాడు, కొంచెం గొంతు తగ్గించి. ఒప్పుకున్న దాంట్లో మిగిలిన 200 కలిపాం. ఇంకా 1,250 లోటు. అది నా చిట్టీ డబ్బుల్లోంచి ఇచ్చాను. మా ఆయన ఈ బ్లాగు చదవరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

మర్నాడు పొద్దున్నే హైవే మీద బస్సెక్కి సికింద్రాబాద్ వెళ్ళాడు. అక్కడ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, కుర్రాళ్ళంతా సీటీసీ అంటారు, నిండా కంప్యూటర్ దుకాణాలే. అక్కడి నుంచి ఫోన్ చేసి "అమ్మా, రెండు డబ్బాలూ రెండు చేతుల్లో పట్టుకున్నా. 850ది ఉత్త పేలాల సంచి లెక్క ఉంది" అని నవ్వాడు.

వాడొచ్చేలోపు నేను ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించాను. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంత ఎండిపోయి ఉంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే కంప్యూటర్ ఇనుప డబ్బా ముట్టుకోగానే జివ్వుమంటుందట, మా పాత వాషింగ్ మెషిన్ లాగే. ఇన్వర్టర్‌కు మాత్రం కలపొద్దన్నాడు. మాది పాతది, స్క్వేర్ వేవ్. ఇప్పటి మంచి సప్లైలలో కొన్నిటికి అది సరిపడదు. అదీగాక ఎంత మంచి డబ్బా అయినా స్తంభం మీద న్యూట్రల్ తెగి 400 వోల్టులు ఇంట్లోకి వస్తే తట్టుకోవడం కష్టం. అందుకని ఉరిమితే ప్లగ్గు పీకెయ్యాలి. ఆ డ్యూటీ నాదే.

దసరా పొద్దున్నకి బిగించేశాడు. పక్క తలుపు మూసేముందు, బండికి, కత్తిపీటకు పెట్టినట్టే, లోపల అడుగున కూర్చున్న ఆ నల్ల డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టాను. స్క్రూలు బిగించాక అది మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

మా ఆయన స్నానం చేసి, పంచె కట్టుకుని వచ్చి, వంగి అటూ ఇటూ చూశారు.

"65 వేలు పోసి గింత సాదాగా ఉందేందిరా? మీ దోస్తుది రంగురంగుల లైట్లతోని ఉండె కదా!"

వాడు నా వైపు చూశాడు. నేను జమ్మి ఆకు తెచ్చే వంకతో లోపలికి వెళ్ళిపోయాను.