సీనా, పైథానా?

మా ఇంట్లో నాన్నది తెలుగు, అమ్మది కన్నడం. పెళ్లయి కేజీఎఫ్‌కి వచ్చాక అమ్మ తెలుగు మాట్లాడటం నేర్చుకుంది గానీ చదవడం రాదు. నిరుడు ఈ గోడపత్రికలో మా అవ్వ గురించి నేను రాసింది ఫోటో తీసి చూపిస్తే, "చక్కగా ఉంది మే" అంది. ఏం చక్కగా ఉందో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు.

అందుకే ఈ సెమిస్టర్ కంప్యూటర్ ప్రాజెక్టుకి, తెలుగులో టైపు చేసింది కన్నడ లిపిలోకి మార్చే ప్రోగ్రామ్ రాద్దామన్నాను. నా జోడీ సరేనంది. తగువంతా సీలో రాయాలా, పైథాన్‌లో రాయాలా అన్న దగ్గరే. క్లాసులో చెప్పింది సీ. నోట్సు ఉంది, వైవాలో అడిగేదీ అదే. రోజూ మారికుప్పం రైల్లో బెంగళూరుకి ఉద్యోగానికి పోయే మా పెద్దనాన్న కొడుకు కూడా "సీ వస్తే అన్నీ వస్తాయి" అన్నాడు. పైథాన్ నేను ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నది, అదీ సగమే.

తేల్చుకుందామని రెండింటినీ "తెలుగు" అనే మాట పొడవెంత అని అడిగాం. సీ 18 అంది. పైథాన్ 6 అంది. ఛందస్సు క్లాసులో మనం లెక్కపెట్టేది మూడే కదా! అన్ననే అడిగాను. సీ పుట్టింది 1970ల మొదట్లో, ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలిన రోజుల్లో. అది లెక్కపెట్టేది బైట్లని. తెలుగులో త కి మూడు, దాని ఎత్వానికి మళ్లీ మూడు. పైథాన్ 3 బైట్లు కాక యూనికోడ్ గుర్తులు లెక్కపెడుతుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. "సీలోనూ చేయొచ్చు, చాకిరీ ఎక్కువ" అన్నాడు. మాకున్నది మూడు వారాలు.

యూనికోడ్‌లో తెలుగుకి పక్కిల్లే కన్నడం. తెలుగు 'అ' సంఖ్య 3077, కన్నడ 'అ' 3205. 128 కూడితే చాలు, పైథాన్‌లో ఒక్క లైను. తొలిసారి నేను ఫుల్‌స్టాప్‌కి కూడా 128 కూడేశాను. ప్రతి వాక్యం చివరా సున్నలో ఆర్ గుర్తు, కంపెనీ పేర్ల పక్కన ఉంటుందే, అది వచ్చి కూర్చుంది. నా జోడీ పడీపడీ నవ్వి, అప్పుడు పైథాన్‌కి ఒప్పుకుంది. "వైవాలో నువ్వే మాట్లాడాల" అని షరతు.

మాట్లాడాను. సీ ప్రశ్నలకి తడబడ్డాను, మార్కులు తగ్గాయి.

ఆ రాత్రి నిరుటి వ్యాసం కన్నడ లిపిలో అమ్మకిచ్చాను. వేలు పెట్టి, కూడబలుక్కుని, పైకి చదివింది. అవ్వ చివరి రోజుల దగ్గర ఆగింది.

"మీ అవ్వ అట్ల అనలేదు మే. నేను పక్కనే ఉన్నా."