అడుగవలసిన ప్రశ్న

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము పాఠ్యప్రణాళిక వ్రాయుట నేర్చుకొంటిమి. కడపటి వరుసలోని బాలునకును కనబడునట్లు నల్లబల్లపై వ్రాయుట నేర్చుకొంటిమి. మొదట తరగతి నంతటిని ప్రశ్నించి, అందరికిని ఆలోచించుటకు వ్యవధి యిచ్చి, పిమ్మట నొకని పేరు పిలువవలెనని నేర్చుకొంటిమి. కాని యేకాంతమున నొక్క బాలునే యడుగవలసిన ప్రశ్న యొకటి కలదనియు, దాని నడుగుటకు జంకరాదనియు అచ్చట మాకెవరును చెప్పలేదు. పదునైదేండ్లు పాఠములు చెప్పిన తరువాత, బడిలో మధ్యాహ్న భోజనము వండు నొక యామె వలన ఆ సంగతి తెలిసికొంటిమి. తల్లిదండ్రులకును విద్యార్థులకును దానిని విన్నవించుట మా విధియని తోచి వ్రాయుచున్నాము. ఆ బాలుడెవరో తెలియకుండుటకై కొన్ని వివరములను విడిచితిమి.

రాప్తాడు ప్రాంతపు స్థితి పాఠకులెరిగినదే. ఎర్రనేల, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియైనను వేళకు కురియదు. వేరుసెనగ యెండిన యేడు తండ్రులు కట్టడపు పనులకై బెంగుళూరు పోవుదురు; పిల్లలు అవ్వల యొద్ద నుందురు. అట్టి యేట, మేము పనిచేయుచుండిన యొక పాఠశాలలో, పదవ తరగతి బాలుడొకడు తనకు బహుమానముగా వచ్చిన నిఘంటువును ప్రక్కనున్న స్నేహితున కిచ్చివేసెను. రంగు పెన్సిళ్లు మరియొకని కిచ్చెను. మేము అది చూచి, ఆతనిని తరగతి యెదుట నిలువబెట్టి, ఔదార్యమనగా నిదియేయని పొగడి, చప్పట్లు కొట్టించితిమి. ఆతడు తలవంచుకొని కూర్చుండెను. ఆ వారమే లెక్కలలో మార్కులు తగ్గెనని అందరి యెదుటను మందలించితిమి. పొగడ్తయు మందలింపును రెండును గ్రుడ్డివే యని యప్పుడు మాకు తెలియలేదు. తన వస్తువులను పంచిపెట్టుట సెలవు తీసికొనువాని గుర్తు కావచ్చునని ఇప్పుడెరుగుదుము.

మరునాడు వంట చేయునామె మమ్ము ప్రక్కకు పిలిచి, “సారూ, ఆ పిల్లోడు నాలుగు దినాల నుంచి కూడు సరిగా ముట్టలేదు. ఇంత ఎండలో నిండు చేతుల చొక్కా యాల తొడుక్కొంటాండాడో ఒకసారి ఇచారించు” అనెను. అక్షరములు రాని యామె చూచినదానిని, దినమునకు నాలుగు గంటలు ఆతని యెదుట నిలిచిన మేము చూడలేదు.

మొదట మాకు కలిగినది భయము. అడిగినచో లేని తలంపును మేమే పుట్టించినట్లగునేమో యనుకొంటిమి. ఈ భయము పెక్కుమందికి కలదు. కాని యిది నిజము కాదు. నెమ్మదిగా, సూటిగా అడుగుటవలన ఆ తలంపు పుట్టదనియు, దాచుకొన్నవానికి ఊరట కలుగుననియు మనోవైద్యులు చెప్పుదురు. తన్ను తాను గాయపరచుకొను ప్రతి బాలుడును చావగోరుచున్నాడని తలపరాదు. భరింపరాని బాధను కొంతసేపు మరచుటకై అట్లు చేయువారు గలరు. కాని యది నటనయని త్రోసివేయుటయు తగదు. ఏది యెంతవరకు వచ్చెనో అడిగిననే గాని తెలియదు.

చింతచెట్టు క్రింద ఆతనిని కూర్చుండబెట్టితిమి. వంట చేయునామె పళ్లెములో అన్నమును గ్రుడ్డును తెచ్చి యుంచి వెళ్లెను. చొక్కా చేతులు పైకెత్తుమని మేము కోరలేదు. “ప్రాణం తీసుకోవాలని అనిపిస్తోందా నాయనా?” అని మాత్రమడిగి, ఊరకుంటిమి. చాలసేపటికి ఆతడు, “నేను లేకుంటే మా నాయనకు ఒక ఖర్చన్నా తగ్గుతాది సార్” అనెను. పిదప ఏడ్చెను. బోధ చేయవలెనని నోటిదాక వచ్చినది, మ్రింగివేసితిమి. ఎవరికిని చెప్పవద్దని ఆతడు బతిమాలినప్పుడు, ఆ మాట యీయజాలమనియు, సాయపడగలవారికి మాత్రమే, నీకు తెలిపియే చెప్పెదమనియు ఒప్పించితిమి.

ఆనాడు ఆతనిని ఒంటరిగా నింటికి పంపలేదు. సంగతి విని అవ్వ మొదట పోలీసులకు భయపడెను. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, ప్రాణము తీసికొన యత్నించినవానిని సైతము తీవ్రమైన మనోవేదనలో నున్నవానినిగా నెంచి, ప్రభుత్వమే చికిత్స చేయింపవలెనని తెలిపితిమి. ఇంటిలోని పురుగుమందును తీసి, వేరొక చోట తాళము వేయించితిమి. ఇది చిన్న పని కాదు. శ్రీలంకలో 1995 మొదలుకొని అతివిషములైన పురుగుమందులను క్రమముగా నిషేధింపగా, ఇరువదేండ్లలో ఆత్మహత్యలు నూటికి సుమారు 70 వంతులు తగ్గెను. ఆ ఆవేశము తరచుగా కొద్దిసేపటిదే. ఆ కొద్దిసేపు చేతికి విషము అందకున్న ప్రాణము నిలుచును. తండ్రి రాత్రి బస్సుకు వచ్చి, “అప్పు బరువే గాని, నువ్వు నాకు బరువేందిరా నాయనా” అనెను. మరునాడు అనంతపురమున వైద్యునియొద్దకు ముగ్గురమును పోయితిమి.

ఇది యొక యింటి కథ కాదు. మన దేశమున 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని ప్రభుత్వ లెక్క. 2019 ఏప్రిల్ లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా బిడ్డలు పోయిరి; ఆ ఫలితములలోనే తప్పులు దొరలెనని తరువాత తేలెను. విశాఖపట్టణమున 2023లో మరణించిన పదునేడేండ్ల విద్యార్థిని విషయమై 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, 100 మందియు అంతకు మించియు విద్యార్థులున్న సంస్థలలో శిక్షణ పొందిన సలహాదారు ఒకరైన నుండవలెననియు, సహాయపు టెలిఫోను సంఖ్యలు అందరికిని కనబడునట్లు ఉంచవలెననియు ఆదేశించెను. బోధించువారికే గాక బోధనేతర సిబ్బందికిని ఏటికి రెండుమార్లు శిక్షణ యీయవలెననియు చెప్పెను. ఆ మాట చదివినప్పుడు మాకు చింతచెట్టు క్రింది పళ్లెము జ్ఞప్తికి వచ్చెను.

విశ్వాసము తక్కువైనందున నిట్లగునని మాలో కొందరందురు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద మరణము కోరినప్పుడు దూత ఆతనిని గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి నిద్రపోనిచ్చెను. ప్రశ్న తరువాతనే వచ్చినది.

తల్లిదండ్రులారా, ప్రక్కింటి బిడ్డ మార్కులతో మీ బిడ్డను కొలువకుడు. ఫలితములు వచ్చు దినమున ఇంట నుండుడు. విద్యార్థులారా, మీ స్నేహితుడు ఇట్టి మాట చెప్పి రహస్యముంచుమనినచో ఉంచకుడు. వెంటనే యొక పెద్దవారికి చెప్పుడు. అది చాడీ కాదు. మీకే యట్లు తోచినచో 14416 అను టెలిమానస్ సంఖ్యకు రాత్రింబవళ్లలో నెప్పుడైనను ఉచితముగా మాటాడవచ్చును, తెలుగున పలుకుదురు. పిల్లలకు 1098 కూడ కలదు.

ఆ బాలునకు చికిత్స చాలనాళ్లు జరిగెను. మధ్యలో చెడ్డ దినములును వచ్చెను. బడికి మరలివచ్చిన మూడవ దినమున స్నేహితునియొద్దకు పోయి, “నా డిక్షనరీ నాకియ్యిరా” అనెను. ఇచ్చినదానిని మరల నడుగుదువా యని వాడు పోట్లాడెను. తరగతిలో అల్లరి సాగుచుండెను. మందలింపవలసిన మేము నల్లబల్లవైపు తిరిగి, ఆ పోట్లాట ముగియువరకు వినుచు నిలిచితిమి.