పోటీకి పంపిన చావు

కాలేజీ విద్యార్థులకు కథల పోటీ అని నోటీసు బోర్డు మీద కాగితం కనబడితే ముందు బహుమతి ఎంతో చూస్తాం, తర్వాత ఆఖరు తేదీ చూస్తాం. మీరైనా అంతే. కాగితానికి ఒకవైపే రాయాలి, అనువాదం గానీ అనుసరణ గానీ కాదని హామీపత్రం పెట్టాలి, న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం. ఈ షరతులన్నీ నాకు నోటికి వచ్చేవి. ఎవరి గురించి రాయాలన్న ఆలోచన మాత్రం గడువు ముంచుకొచ్చాకే మొదలయ్యేది.

డిగ్రీలో మా తెలుగు సారు పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ గురించి చెప్పారు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. రాసినాయన కాకినాడలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన లెక్చరరు. కథ తెచ్చుకుని చదివాను. తుపాను రాత్రి ఒక చిన్న స్టేషన్లో, జీవితమంతా సూత్రాలు పట్టుకు బతికిన పెద్దమనిషికి ఒక బిచ్చగత్తె తోడవుతుంది. చివరికి ఆమె చనిపోతుంది. ఆ ఒక్క రాత్రిలో ఆయన లోపల ఎన్ని కూలిపోయాయో చూడాల్సిన కథ అది. నేను చూసింది ఆఖరి పేజీలో చావును. బహుమతి దానికే వచ్చిందనుకున్నాను. తర్వాత పాత పత్రికల్లో బహుమతి కథలు వెతికి, ఆఖరి పేజీలు మాత్రమే తిప్పాను. వెతికినవాడికి దొరక్కపోవు కదా, దొరికాయి.

అవి రైతుల ఆత్మహత్యలు రోజూ పేపర్లో వస్తున్న రోజులు. 2004లో ప్రభుత్వం జయతీ ఘోష్ అధ్యక్షురాలిగా రైతుల సంక్షేమం మీద కమిషన్ కూడా వేసింది. ఆ మరుసటేడు ఒక సంస్థ విద్యార్థులకు పెట్టిన పోటీలో అంశం ‘రైతు’. మాది దేవరయాంజాల్. రైతు కోసం నేను ఎక్కడికీ పోనక్కర్లేదు, ఎదురింట్లోనే ఉన్నాడు. వరుసకు మామ.

మా వైపు షామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్ష తోటలుండేవి. ఎక్కువగా అనాబ్-ఎ-షాహి, పొడుగ్గా తెల్లగా ఉండే కాయ. రాతి కడీలు పాతి, పైన తీగలు లాగి, దాని మీద పందిరి పాకించేవాళ్లు. ఏడాదికి రెండు కత్తిరింపులు. ఎండాకాలంలో చేసేది కొమ్మ కోసం, అక్టోబరులో చేసేది కాయ కోసం. ఆ రెండో కత్తిరింపులో ఎన్ని కణుపులు ఉంచాలో తప్పితే ఆ ఏటి పంట పోయినట్టే. మామకు ఆ లెక్క చేతిలోనే ఉండేది. బోర్లు ఎండుతూ వచ్చాయి, బూజు తెగులు మందుల ఖర్చు పెరిగింది, భూమి ధర ద్రాక్ష ధరను దాటిపోయింది. తోట అమ్మేశాడు. అక్కడ గోదాం లేచింది. ఆ గోదాం గేటు దగ్గరే రాత్రి కాపలాకి కుదిరాడు.

బతికే ఉన్నాడు. పొద్దున్నే డ్యూటీ దిగి, చాయ్ తాగి, హకీంపేటలో దిగే విమానాలను తిట్టుకుంటూ ఇంటికొచ్చి పడుకునేవాడు. నా కథలో అదంతా తీసేసి, ఆయన్ని సొంత పందిరికి ఉరేశాను. పేరు మార్చాను గానీ కత్తెరకు తెగి బొటనవేలి మీద మిగిలిన మచ్చ అలాగే ఉంచాను. సహజంగా ఉంటుందని.

ప్రోత్సాహక బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేత ఒకాయన వేదిక మీద ముగింపును మెచ్చుకున్నారు. కాలేజీ మ్యాగజైన్‌లో వేశారు. ఊళ్లో నలుగురికీ నేనే పంచాను.

మామ గేటు దగ్గరే దొరకబుచ్చుకున్నాడు. “ఏం అల్లుడా, నన్ను సంపేసినవంట గదా!” అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వేసి, అయిపోయిందనుకున్నాను.

కాలేదు. కొన్నాళ్లకు అత్త రాత్రిపూట టిఫిన్ గిన్నె పట్టుకుని గోదాం వైపు పోతూ కనబడింది. మామ తినే పోయాడు కదా అని మా అమ్మ అడిగితే సమాధానం లేదు. తర్వాత తెలిసింది, అర్ధరాత్రి కూడా కొడుకును లేపి సైకిల్ మీద పంపిస్తోందట, ‘నాయిన ఉన్నడా సూసి రా’ అని. ఇంట్లో పగ్గాలన్నీ తీసి పక్కింట్లో పెట్టిందట. విని నా కాళ్లు ఆడలేదు. పోయి చెప్పాను: అత్తా, అది కథ, నేను కల్పించి రాసింది. ఆమె నా ముఖంలోకి చూసింది.

“సదువుకున్నోనివి. ఏదో సూడందే రాస్తవా? ఏం సూసినవో నాకు జెప్పు.”

చూడలేదని ఎట్లా చెప్పాలి? నిజం అంతకన్నా సిగ్గుచేటు. ఆయన తోట అమ్మిన రోజు ఏం చేశాడో, అక్టోబరు వస్తే ఆ చేతులకు ఏమనిపిస్తుందో, తన నేలకే జీతానికి కాపలా కాయడం ఎట్లా ఉంటుందో ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే కథ అక్కడుండేది. చంపితే అడిగే పని తప్పింది. ఆ పేపర్లలో వచ్చే ఇళ్లలో నిజంగా పోయినవాళ్లున్నారు, వాళ్ల చావును తెచ్చి బతికున్న మనిషి మెడకు తగిలించాను. అన్నీ పక్కనపెట్టి “బహుమతి కోసం రాసిన అత్తా” అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. గిన్నె పట్టుకుని పోవడం మాత్రం చాలా రోజులు మానలేదు.

మామను ఆ తర్వాత అడిగాను. కడీలు ఒక్కొక్కటీ బేరమాడి అమ్మాడట, తోటకన్నా వాటికే ఎక్కువ కొట్లాడాడట. అమ్మిన తర్వాతి ఏడు కత్తెరకు పదునుపెట్టి, చుట్టాల తోటలో కూలి తీసుకోకుండా కత్తిరించి వచ్చాడట. ఆ మాట చెబుతూ ఆయన బొటనవేలు ఎన్ని కణుపులో లెక్కపెడుతూనే ఉంది.

ఇప్పుడు కాలేజీల వాళ్లు అప్పుడప్పుడు పోటీ కథలు చూడమని నాకిస్తారు. కట్టలో చావులు ఇప్పటికీ వస్తాయి. చావుందని ఏ కథనూ పక్కన పెట్టను. కొందరి ఇళ్లలో అది నిజంగా జరిగింది, వాళ్లు రాసి తీరాలి. రాసినవాళ్లతో మాట్లాడే వీలుంటే మాత్రం అడుగుతాను, ఈయన భార్య ఇది చదివితే ఏమంటుందని. మొన్న ఒక కుర్రాడు వెంటనే చెప్పాడు: “ఆమెకు చదువు రాదు సార్.”

మా అత్తకూ రాదు, కొడుకు చదివి వినిపించాడని చెప్పాను. కుర్రాడు తన కాగితాలు వెనక్కి అడిగాడు. గడువు ఇంకా నాలుగు రోజులుంది, ఇచ్చేశాను.