అంతర్జాలంలో అక్షరధర్మం

భాషకు వ్యాకరణం ఎంత అవసరమో అంతర్జాలానికి ప్రమాణాలు అంత అవసరం. వ్రాసేవారు ఒకచోట, చదివేవారు మరొకచోట ఉన్నప్పుడు ఇద్దరికీ సమ్మతమైన కట్టుబాటు లేకపోతే భావం దారి తప్పుతుంది. తాళపత్రాల కాలం నుండి మనకు తెలిసిన సత్యమే ఇది. పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి.బ్రౌన్ ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పండితులచేత పాఠాలను సరిపోల్చి చూపించవలసి వచ్చింది. లేఖకుడు మారినప్పుడల్లా పాఠమూ మారడమే అందుకు కారణం.

కంప్యూటరులో తెలుగుకు కూడ తొలినాళ్లలో ఇటువంటి ఇక్కట్టే ఎదురైంది. ఎవరికి వారు తమకు నచ్చిన ఫాంటును తయారు చేసుకొన్నారు. ఆంగ్లాక్షరాలకు కేటాయించిన సంఖ్యలలోనే తెలుగు రూపాలను అమర్చేవారు. ఆ ఫాంటు ఉన్నచోట అది తెలుగు. లేనిచోట అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపు. ప్రాచీన సాహిత్యంపై నేను వ్రాసిన వ్యాసాలను కొన్నింటిని ఆ రోజులలో అలాగే టైపు చేయించాను. కాగితం మీది ప్రతులను నేటికీ చదువుకొంటున్నాను. కంప్యూటరులోని ప్రతులు మాత్రం తెలుగుగా తెరుచుకోవడం లేదు. వందల ఏళ్లనాటి తాటాకును చదవగలిగిన నాకు నా వ్రాతే పరాయిదైపోయింది.

1991లో వెలువడిన యూనికోడ్ ఈ చిక్కుకు పరిష్కారం చూపింది. తెలుగు లిపికి 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించింది. 'క'కు 3093, 'ష'కు 3127, పొల్లుకు 3149. 'క్ష' అని వ్రాస్తే కంప్యూటరు క, పొల్లు, ష అనే మూడింటి సంఖ్యలనే దాచుకొంటుంది. వాటిని కలిపి సంయుక్తాక్షరంగా చూపడం ఫాంటు పని. అక్షరం వేరు, ఆకారం వేరు అన్న ఈ వివేకమే ముఖ్యం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఈ పునాది మీదనే నిలిచింది.

టిమ్ బెర్నర్స్‌లీ 1994లో స్థాపించిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం పుటల నిర్మాణానికి నియమాలు రూపొందిస్తూ వచ్చింది. 2012లో అది ఆమోదించిన 'వోఫ్' ప్రమాణం వలన ఫాంటు పుటతోపాటే పాఠకుని చేరుతుంది. 2014లో ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్-5లో వ్యాసానికి, దారిచూపే పట్టికకు, పాదభాగానికి వేర్వేరు గుర్తులున్నాయి. పుటలోని భాష తెలుగు అని తెలిపే గుర్తునూ చేర్చవచ్చు. చూపులేని విద్యార్థికి పుటను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు ఈ గుర్తులే ఆధారం. పద్యాన్ని బొమ్మగా మాత్రమే పెడితే ఆ విద్యార్థికి అది మూగపద్యమే.

ప్రమాణం ఉన్నంత మాత్రాన సరిపోదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'తో కూడిన ఒక అక్షరక్రమం తెరపైకి రాగానే ఐఫోనులలో కొన్ని అనువర్తనాలు స్తంభించాయి. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. ప్రతి లిపినీ పరీక్షించి చూడవలసిన అవసరాన్ని ఆ ఉదంతం చాటింది.

మా మొగల్తూరుకు సమీపాన ఉన్న నరసాపురం పేరిట లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పనిలో ఒకరు పువ్వులు అల్లితే, మరొకరు వాటిని అతుకుతారు. కొలత తప్పిన పువ్వు ఎంత అందమైనదైనా అతుకులో ఒదగదు. వెబ్ పుటల సంగతీ అంతే.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇటువంటి పుటలను నిర్మిస్తారు. తెలుగును తెలుగు అక్షరాలుగానే నిలపండి. ముందుతరాలవారు దానిని చదవగలగాలి, చూపులేనివారు వినగలగాలి.