ఎండలో, వానలో, మంచులో

మా చిల్లకల్లు జగ్గయ్యపేటకు చేరువనున్న మెట్టగ్రామము. పూర్వము కృష్ణా జిల్లాలోనిది. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. విజయవాడనుండి హైదరాబాదునకు పోవు జాతీయ రహదారి మా ఊరి ప్రక్కగనే సాగును. పెద్దలు నేటికిని దానిని తొమ్మిదవ నెంబరు రోడ్డందురు. ప్రభుత్వమువారు దాని సంఖ్యను 65గా మార్చి యేండ్లు గడచినను, నోటికి పట్టిన పాత పేరు ఊరక పోదు కదా! ఈ బాటపై మా యొద్ద టోలుగేటు కలదు. పరుగెత్తివచ్చిన వాహనము అచ్చట తగ్గి, మరల వేగము పుంజుకొనును. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరియైన పిదప ఆ నిలుచుటయు పేరునకే మిగిలినది.

నేను చిరకాలము భౌతికశాస్త్రము బోధించి విరమించినవాడను. ఒకనాడు ఎనిమిదవ తరగతి చదువుచున్న నా మనుమరాలితో బాట ప్రక్కన నిలిచి, ఆవలివైపునకు దాటుటకై చూచుచుంటిని. గేటువైపునుండి ఒక కారు కదలినది. "తాతయ్యా! అది ఇంకను దూరముగనే యున్నది. మనము దాటులోపల వచ్చునా?" అని యామె యడిగినది. నేను బదులు చెప్పకమునుపే, "ఎండలోనైనను, వానలోనైనను ఒకే తీరున వచ్చునా?" అని మరియొక ప్రశ్న వేసినది. మొదటి ప్రశ్నకు లెక్క చాలును. రెండవదానికి లెక్క చాలదు, కొలిచి చూడవలెను.

కారు ఎంత వేగముగా పోవుచున్నదన్నది వేరు, ఆ వేగము ఎంత త్వరగా పెరుగుచున్నదన్నది వేరు. ఈ రెండవదానినే త్వరణమందురు. గెలీలియో మహాశయుడు వాలుపలకలపై గుండ్లను దొర్లించి, పాత్రనుండి కారిన నీటిని తూచి కాలమును లెక్కించి, దీని మర్మమును కనుగొనెను. మాకు నీటిగడియారముతో పనిలేదు. జేబులోని సెల్‌ఫోనులో సెకండ్లను కొలుచు సాధనము కలదు.

పరీక్షకు రహదారి తగదు. అది నలుగురి ప్రాణములు నడచు చోటు. ఊరి వెలుపల ఇండ్లస్థలములకై చదునుచేసి తారుబాట వేసిన లేఅవుటు ఒకటి యుండెను; అందు ఇల్లొక్కటియు లేకుండెను. యజమాని యనుమతి నడిగి పుచ్చుకొంటిమి. కారు నా మేనల్లునిది, చిన్నది, పాతది, పెట్రోలుతో నడచునది. అతడు నడుపును, నేను ప్రక్కన కూర్చుండి సెకండ్లు చూతును, మనుమరాలు దూరముగా చెట్టుక్రింద నుండి, నేను కేక వేసిన అంకెలను పుస్తకములో వ్రాయును. నిలిచియున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగము నందుకొనువరకు కొలత. ఒక్కమారు చూచి నమ్మరాదు. బాట ఇంచుక వాలియుండవచ్చును, గాలి వెనుకనుండి త్రోయుచుండవచ్చును, నా బొటనవ్రేలు ఆలస్యము చేయవచ్చును. అందుచేత ఇటు మూడుమార్లు, అటు మూడుమార్లు నడిపి సగటు కట్టితిమి.

డిసెంబరు నెలలో చలిగానుండిన యొక యుదయమున సుమారు 8 సెకండ్లు పట్టినది. ఆలోపల కారు దాదాపు 75 మీటర్లు సాగినది.

మే నెల మధ్యాహ్నమున అదే కారునకు 9 సెకండ్లకు దగ్గరగా పట్టినది. మా ప్రాంతపు ఎండ సామాన్యమైనది కాదు. కృష్ణకు ఆవలనున్న రెంటచింతల పేరు ఎండలకే ప్రసిద్ధి. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలుచబడును. 15 డిగ్రీల యొద్ద ఒక ఘనమీటరు పొడిగాలి సుమారు 1.22 కిలోగ్రాములు తూగగా, 45 డిగ్రీల యొద్ద 1.11 మాత్రమే తూగును. యంత్రము ప్రతిమారు పీల్చుకొను గాలి పరిమాణము ఒకటే. కాని అందలి ఆమ్లజని తగ్గినది. ఆమ్లజని తగ్గినచో కాలగల పెట్రోలును తగ్గును. ఏ.సి. వేసి చూడగా 10 సెకండ్లు పట్టినది, ఏలయన ఆ చల్లదనమునకు కావలసిన శక్తియు ఆ యంత్రమే యీయవలెను. "మామయ్యా, ఎండకు వగర్చు ఎద్దువలె నున్నది మన బండి!" అని మేనల్లుడు నవ్వెను. పోలిక బాగుగనే యున్నది.

ఇక వానకాలము. తేమగాలి బరువైనదని పలువురు తలతురు. అది నిజము కాదు. నీటియావిరి అణువు భారము 18. నత్రజనికి 28, ఆమ్లజనికి 32. కావున గాలిలో ఆవిరి చేరినకొలది అది తేలికయగును. అయినను ఆ భేదము స్వల్పము. అసలు సంగతి బాటమీద నున్నది. మా వైపున సిమెంటు లారీలు దుమ్ము రాల్చును. ట్రాక్టరు చక్రములు పత్తిచేల, మిరపచేల నల్లమట్టిని మోసికొని వచ్చును. దీనికి తోడు కారిన నూనె. తొలకరి చినుకులు వీనినన్నిటిని కలిపి జిగురుచేయును. కుంభవృష్టి కడిగిన బాటకంటె తొలిజల్లు తడిపిన బాటయే ఎక్కువ జారును.

జూలైలో వాన కురియుచుండగా మొదటిమారు కదలినప్పుడు ముందుచక్రములు నిలిచినచోటనే గిఱ్ఱున తిరిగినవి. మెల్లగా కదల్చినచో మాత్రము 9 సెకండ్లలోపలనే 60 అందుకొన్నది. మనుమరాలు అంకెలను చూచి, "అట్లయిన వానలో భేదమేమియు లేదు!" అనెను. నేను మాటాడక, మేనల్లునిచే 40 కిలోమీటర్ల వేగమున బ్రేకు వేయించితిని. పొడిబాటపై ముందే కొలిచియుంటిమి, 12 అంగలు. ఈమారు ఇటుక పెట్టిన గుర్తునుండి ఆమెయే గొడుగుతో నడచి లెక్కించినది. ఇరువది. మరల నడచినది. ఇరువదియే. వేగము పుంజుకొనుటకును, ఆగుటకును టైరునకు బాటకు నడుమనున్న ఘర్షణయే ఆధారము. కాని మెల్లగా కదలుటకు కొంచెము చాలును, తటాలున ఆగుటకు ఉన్నదంతయు కావలెను. ఇదే బాటపై 2023 జూలైలోను, 2024 సెప్టెంబరులోను నందిగామ దగ్గరి ఐతవరము వద్ద మున్నేటి వరద రహదారినే ముంచెత్తినది. ఆ దినములలో ఎంత గొప్ప కారునకైనను అచ్చట వేగము సున్నయే.

జగ్గయ్యపేట బౌద్ధస్తూపమునుండి లభించిన యొక శిలాఫలకముపై చక్రవర్తి ప్రక్కన చక్రరత్నము చెక్కబడియున్నది. రెండువేల యేండ్లనాటి ఆ చక్రము అడ్డులేక దొర్లునట. మన చక్రములకు ఆ భాగ్యము లేదు.

మంచు దినమున పరీక్ష జరుగలేదు. పాలేటివైపునుండి క్రమ్మిన పొగమంచులో బాట చివర కనబడకుండెను. చల్లని గాలి చిక్కనిది గనుక ఆనాడు కారు చురుకుగనే పరుగెత్తియుండును. పుస్తకములో ఆ గడి ఖాళీగనే యున్నది. దానికి బదులు ఒక లెక్క వేసితిమి. రహదారి యొకవైపు వెడల్పు 7 మీటర్లు. నిదానముగా సెకండునకు ఒక మీటరు నడచిన 7 సెకండ్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున వచ్చు వాహనము ఆలోపల సుమారు 155 మీటర్లు వచ్చును. మంచులో కనబడునది 50 మీటర్లే యైనచో, కంటబడిన రెండు సెకండ్లకే అది మన మీదికి వచ్చును.

డివైడరునకు ఖాళీ విడిచిన చోటినుండి, బాట అంచువెంట, మేము 155 మీటర్లు కొలిచితిమి. అచ్చట ఒక వేపచెట్టు కలదు. వాహనము ఆ చెట్టునకు ఈవల నున్నప్పుడు మేము అడుగు వేయము. వాన పడుచున్నచో చెట్టునకు చాల ఆవలనున్న పచ్చబోర్డు మాకు హద్దు. మంచు పట్టినచో ఎండ వచ్చువరకు ఇంటనే యుందుము. మా వీధి ముసలమ్మలకు 7 సెకండ్లు చాలవనియు, వారికి పొడిదినములలో సైతము పచ్చబోర్డే హద్దు కావలెననియు మనుమరాలు చెప్పుచున్నది. ఇప్పుడామె ఒక్కొక్కరి నడకను సెకండ్లలో కొలుచుచు పుస్తకములో వ్రాయుచున్నది.